పదమూడేళ్ళ కారు, వేడెక్కితే జారే గేర్‌బాక్స్: చేయించాలా, అమ్మాలా?

నేను ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పని చేస్తాను. నా దగ్గరికి వచ్చే పాత బళ్ళలో చాలావాటి వెనక ఉండే ప్రశ్న ఒక్కటే: డబ్బు పెట్టి చేయించాలా, వచ్చినకాడికి అమ్మేయాలా. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఉంది. గేర్‌బాక్స్ జబ్బేమిటో చివరికి సరిగ్గానే పట్టుకున్నాను గానీ, పనుల వరస తప్పాను. అందువల్ల బండి గలావిడకు దాదాపు రెండు నెలల కాలం, కొంత డబ్బు వృథా అయ్యాయి.

బండి మోడల్, ఊరు, మనుషుల ఆనవాళ్ళు తీసేశాను. డబ్బు సంగతి నిష్పత్తుల్లో చెబుతాను. అన్నీ సవ్యంగా ఉంటే ఆ కారుకు పలికే ధరను 100 అనుకోండి. మిగతా అంకెలన్నీ దాంతో పోల్చి చెప్పేవే.

నేపథ్యం

పెట్రోల్ కారు, ఆరు గేర్ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ రకం (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది). తిరిగింది 1,48,000 కిలోమీటర్లు. ఆవిడ రెండో యజమాని. అరవై వేల కిలోమీటర్ల దగ్గర కొని, అప్పట్నుంచి ప్రతి బిల్లూ ఒక ఫైల్లో పెట్టుకుంటూ వచ్చింది. ఇంజిన్ ఆయిల్ తప్పకుండా మార్పించింది, కూలెంట్ మార్పించింది, బ్రేకులు చూపించింది. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ఒక్కసారీ మారలేదు. ఆవిడ తప్పు కాదు. బండితో వచ్చిన పుస్తకంలో అది ‘లైఫ్‌టైమ్’ ఆయిల్ అని ఉంది.

ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫు? గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆరు గేర్ల ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలోనో, ఎనిమిదేళ్ళకోసారో ఆయిల్ మార్చమంటుంది. ఆయిల్ వేడికి చెడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ తిరిగే బండికి ఇది ఇంకా బలంగా వర్తిస్తుంది.

ఇంకో సంగతి మొత్తం నిర్ణయాన్నే నడిపింది. ఆవిడ తల్లికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. వెళ్ళడం, నాలుగు గంటలు అక్కడ, తిరిగి రావడం. అంతా ఈ బండి మీదే. మొదటిరోజు ఆవిడ అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: “దార్లో బండి ఆగితే అందరికీ విసుగొస్తుంది తమ్ముడూ. నాకు భయమేస్తుంది.”

వచ్చిన ఫిర్యాదు

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బండి చక్కగా నడుస్తుంది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నడిచాక రెండు సమస్యలు మొదలవుతాయి. రివర్స్‌లోంచి డ్రైవ్‌లోకి వేస్తే రెండు సెకన్ల దాకా ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా ‘దబ్’మని పట్టుకుంటుంది. అరవై, డెబ్భై వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే, గరుకు గీతల మీద పోతున్నట్టు బండి అంతా వణుకుతుంది. కాలు గట్టిగా నొక్కితే వణుకు పోతుంది. వార్నింగ్ లైటు ఒకరోజు వెలుగుతుంది, మర్నాడు ఉండదు.

నా దగ్గరికి వచ్చేముందు ఆవిడ ఇంకో షెడ్డుకు వెళ్ళింది. అక్కడ బండి అటూ ఇటూ ఒక రౌండు తిప్పి, ఏదీ విప్పకుండానే “గేర్‌బాక్స్ పోయింది, ఓవర్‌హాల్ చేయించండి, లేదా అమ్మేయండి” అన్నారట. ఓవర్‌హాల్‌కు చెప్పింది 65. ‘గేర్‌బాక్స్ పోయిన బండి’కి ఒక కొనుగోలుదారు ఇస్తానన్నది 25. ఈ రెండు అంకెలూ చేత్తో పట్టుకుని వచ్చి, “నువ్వయితే ఏం చేస్తావు?” అని అడిగింది.

నేను జవాబు చెప్పలేదు. జబ్బు పేరు తెలియకుండా వైద్యమా, వదిలెయ్యడమా అని తేల్చకూడదు. 65 అన్నవాళ్ళకూ తెలియదు, 25 అన్నవాళ్ళకూ తెలియదు. తెలియనప్పుడు ఇద్దరూ అన్నిటికంటే చెడ్డదాన్నే ఊహించుకుని ధర కడతారు, దాంట్లో వాళ్ళ తప్పేమీ లేదు. ముందు చూద్దాం అక్కా అన్నాను. ఇంతవరకూ సరిగ్గానే ఆలోచించాను.

మొదటి పరీక్షలు

ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే నడిపాను. అరగంట తర్వాత వణుకు మొదలైంది. వేగం అలాగే ఉంచి, కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి, ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ను బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకాను. వణుకు ఠక్కున ఆగింది. కాలు తీశాను, మూడు సెకన్లకు మళ్ళీ వచ్చింది. టార్క్ కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ ఒకటి ఉంటుంది, అది పట్టుకుంటే ఇంజిన్, గేర్‌బాక్స్ నేరుగా కలిసి తిరుగుతాయి. బ్రేక్ తాకగానే బండిలోని కంప్యూటర్ దాన్ని వదిలేస్తుంది. అందుకని వణుకు లాకప్‌దేనని దాదాపు ఖాయమైంది. చాలాసార్లు ఇదే వణుకును ఇంజిన్ మిస్‌ఫైర్ (సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) అనుకుని ప్లగ్గులు, కాయిల్స్ మారుస్తారు. స్కానర్‌లో మిస్‌ఫైర్ లెక్క కూడా చూశాను, సున్నా. ఇంజిన్ మౌంట్లు బాగానే ఉన్నాయి.

స్కానర్‌లో ఇంజిన్ తిరిగే వేగానికీ, గేర్‌బాక్స్‌లోకి వెళ్ళే షాఫ్ట్ వేగానికీ తేడా చూశాను. లాకప్ పట్టినప్పుడు ఈ తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. కొన్ని బళ్ళలో సాఫీగా ఉండటానికి 20 నుంచి 50 ఆర్‌పీఎం దాకా కావాలనే జారనిస్తారు, కాబట్టి కొంచెం తేడా కనపడగానే కంగారుపడక్కర్లేదు. ఇక్కడ అది 40 నుంచి 130 మధ్య ఊగిసలాడుతోంది. ఊగడమే జబ్బు. ఆయిల్ వేడి 108 డిగ్రీలకు చేరింది, ఆ బండికి ఆ దారిలో తొంభై లోపే ఉండాలి. మెమరీలో ఒక లోపం కోడ్: పి0741.

ఆయిల్ లెవెల్ చూశాను. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్ ఇది. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 35-45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పక్కనున్న లెవెల్ బోల్ట్ విప్పితే సన్నగా కారాలి. చుక్క కూడా రాలేదు. పైనుంచి పోస్తూ పోతే 700 మిల్లీలీటర్లు పట్టాక కారడం మొదలైంది. ఎడమ యాక్సిల్ సీల్ (చక్రానికి వెళ్ళే షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రింగు) చుట్టూ తడి, దాని మీద దుమ్ము పేరుకుని మట్టి ఉండలా అంటుకుంది. ఆయిల్ పోయింది అక్కణ్ణుంచే.

ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఆయిల్ నురగ కడుతుంది, ప్రెషర్ పడిపోతుంది. వేడెక్కాక గేర్ ఆలస్యంగా పట్టడం, లాకప్ జారడం రెండూ దీనివల్లే రావచ్చు. అందుకే ఇక్కడితో మొదలుపెట్టడం న్యాయమే. తక్కువ ఖర్చు, తిరిగి సరిచేసుకోలేని పని ఏదీ లేదు.

ప్రయత్నం ఒకటి: ఆయిల్

ఇంత పాత ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పూర్తిగా పోతుందన్న భయం జనంలో ఉంది, ఆవిడా అడిగింది. నా అనుభవంలో ఆయిల్ మార్చాక పోయిన గేర్‌బాక్సులు అంతకుముందే అరిగిపోయినవి. ఆయిల్ మార్చింది కూడా అప్పటికే జారుతున్నాయి కాబట్టే. అయినా మెషిన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేయడానికి నేను ఒప్పుకోను, అడుగున కూర్చున్న మడ్డి సన్నటి దారుల్లోకి లేస్తుంది. కింది బోల్ట్ విప్పి వచ్చినంత తీసి, అంతే పొయ్యడం నా పద్ధతి. ఈ గేర్‌బాక్స్‌లో మొత్తం ఏడు లీటర్ల దాకా ఉంటే, ఒకసారికి సగమే వస్తుంది. మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. వారం తేడాతో రెండుసార్లు చేస్తే సుమారు ముప్పావు వంతు కొత్తదవుతుంది.

పాన్, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం, విప్పి ఆవిడకు చూపించాను. ప్రతి యజమానికీ ఇది చూపించాలని నా పట్టుదల, ఎందుకంటే రేపు నిర్ణయం తీసుకోవాల్సింది వాళ్ళు. పాన్ అడుగున నాలుగు అయస్కాంతాలుంటాయి. వాటి మీద కాటుకలాంటి మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంది. వేలికి రాసుకుని రుద్దితే గరుకు తగల్లేదు. అది మామూలు అరుగుదల. లైటు కింద పెట్టి పసుప్పచ్చగా మెరిసే రజను, సూదుల్లాంటి ముక్కలు ఏమైనా ఉన్నాయా అని వెతికాను. అవి కనిపిస్తే బుష్‌లో, గేర్లో, బేరింగులో అరుగుతున్నట్టు, అప్పుడు మాట వేరే. అవి లేవు. నల్లటి లైనింగ్ (క్లచ్‌ల మీద ఉండే రాపిడి పొర) పొడి మాత్రం ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది, ఆయిల్ మాడు వాసన కొడుతోంది. ఆ పొడి గేర్ల క్లచ్ ప్లేట్లదా, లాకప్‌దా అన్నది పాన్‌లో చూస్తే తెలియదు.

సీల్ మార్చి, ఫిల్టర్ మార్చి, ఆయిల్ రెండుసార్లు మార్చి, కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్కలు చెరిపేసి మళ్ళీ నేర్పించాను. బండి మారిపోయింది. గేర్ అర సెకనులో పడుతోంది. వణుకు లేదు. ఆవిడ ముఖంలో వెలుగు చూసి నేను కూడా “ఇక ఫర్వాలేదక్కా” అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కొత్త ఆయిల్‌లో రాపిడిని సర్దే రసాయనాలు తాజాగా ఉంటాయి, అవి అరిగిన లాకప్ లైనింగ్ జబ్బును కొన్ని వారాలు కప్పిపెట్టగలవు. ఆయిల్ మార్చాక బాగైన గేర్‌బాక్స్‌ను కనీసం వెయ్యి కిలోమీటర్లు నడిచి, మళ్ళీ వేడి మీద చూశాకే బాగైందనాలి.

సరిగ్గా ఈ మంచి రోజుల్లోనే ఆవిడ దగ్గరివాళ్ళెవరో సలహా ఇచ్చారట: “ఇప్పుడు బాగా నడుస్తోంది కదా, ఎవరికీ చెప్పకుండా మంచి ధరకు అమ్మెయ్.” ఆవిడ ఫోన్ చేసి అడిగింది. “అది మోసమే కదా తమ్ముడూ?”

“మోసమేనక్కా” అన్నాను. “మళ్ళీ వస్తుందో రాదో మనకే తెలీదు. ఒకవేళ వస్తే కొన్నవాళ్ళు రోడ్డు మీద ఉంటారు.”

“నేనూ అదే అనుకున్నాను” అని పెట్టేసింది.

ప్రయత్నం రెండు: సోలినాయిడ్

మూడు వారాలకు వణుకు తిరిగొచ్చింది. కోడ్ మళ్ళీ అదే, పి0741. ఇక్కడ నేను చేసింది పొరపాటు.

పి0741 చెప్పేది ఒక్కటే: కంప్యూటర్ లాకప్‌ను పట్టుకోమంది, అది పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో చెప్పదు. లాకప్‌కు వెళ్ళే ఆయిల్‌ను కరెంటుతో నియంత్రించే వాల్వే సోలినాయిడ్. దాని కాయిల్‌లోనో, వైరులోనో కరెంటు లోపం ఉంటే వచ్చే కోడ్‌లు వేరు, పి0740, పి0743 లాంటివి. సోలినాయిడ్ రెసిస్టెన్స్ కొలిచాను కూడా, ఉండాల్సినంతే ఉంది. అంటే దాన్ని అనుమానించడానికి నా దగ్గర బలమైన ఆధారం లేదు. అయినా మార్చాను. తక్కువ ఖర్చుతో పోతే బాగుండునన్న ఆశ, ఆవిడ పరిస్థితి మీద జాలి, రెండూ కలిసి నన్ను ఆ పని చేయించాయి. మార్చిన సాయంత్రమే వణుకు అలాగే ఉందని తేలింది. ఆ కూలి తిరిగిచ్చేశాను. పోయిన వారం తిరిగివ్వడం నా చేతిలో లేదు.

ఇదే సమయంలో డయాలిసిస్ రోజుల్లో మాత్రం ఈ బండి వాడొద్దని, అద్దె బండి పెట్టుకోమని చెప్పాను. ఈ మాట మొదటిరోజే చెప్పాల్సింది. బాగుచేసేలోపు రోజులు ఎలా గడుస్తాయన్నది కూడా నిర్ణయంలో భాగమే.

జబ్బు దొరికిన చోటు

గేజ్ పెట్టి లైన్ ప్రెషర్, అంటే పంపు నుంచి గేర్‌బాక్స్ అంతటికీ అందే ఆయిల్ ఒత్తిడి, కొలిచాను. చల్లగా ఉన్నప్పుడు అన్నీ సరిగ్గా ఉన్నాయి. వేడెక్కాక, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, ప్రెషర్ కనిష్ఠ పరిమితికి నాలుగో వంతు తక్కువ. కాస్త రేస్ చేస్తే మళ్ళీ పరిమితిలోకి వస్తోంది. డ్రైవ్‌లో ఒక్కదాన్లోనే తక్కువైతే ఆ గేరు క్లచ్ సీల్ లీక్ అని అనుమానించేవాణ్ణి, అంటే గేర్‌బాక్స్ పూర్తిగా విప్పాల్సిందే. కానీ న్యూట్రల్, రివర్స్, డ్రైవ్ మూడింటిలోనూ ఒకేలా తక్కువగా ఉంది. లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉండాలి: పంపులో, లేదా వాల్వ్ బాడీలోని (ఆయిల్‌ను ఎక్కడికి, ఎంత పంపాలో చూసే వాల్వ్‌ల దిమ్మ) ప్రెషర్ రెగ్యులేటర్‌లో.

ఈ గేర్‌బాక్స్‌లో వాల్వ్ బాడీని గేర్‌బాక్స్ దింపకుండానే తీయొచ్చు. తీసి బల్ల మీద పెట్టి ఒక్కో బోరుకూ (వాల్వ్ కదిలే రంధ్రానికి) వ్యాక్యూమ్ పెట్టి చూశాను. చాలా బోర్లు పట్టుకున్నాయి. ప్రెషర్ రెగ్యులేటర్ బోరు, లాకప్‌ను నడిపే వాల్వ్ బోరు మాత్రం మిగతావాటిలో సగం కూడా పట్టుకోలేదు. వాల్వ్ బయటికి లాగి, ఆ అల్యూమినియం బోరు అంచున గోరుతో గీస్తే గోరు ఒకచోట ఆగింది. లక్షన్నర కిలోమీటర్లు అదే చోట అటూ ఇటూ కదిలి కదిలి వాల్వ్ చేసుకున్న మెట్టు అది. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పెద్దగా కారదు. వేడెక్కి పలచబడితే కారిపోతుంది. పొద్దున్న బాగుండి అరగంటకు చెడిపోవడానికి కారణం అదీ.

ఈ పరీక్ష ఆయిల్ మార్చాక వెంటనే చేసి ఉంటే, సోలినాయిడ్ జోలికే పోయేవాణ్ణి కాదు.

ఇప్పుడు దారులు

ఇక్కడికి ‘గేర్‌బాక్స్ పోయింది’ అన్న మాటకు అర్థం మారిపోయింది. నాలుగు దారులున్నాయి. అరిగిన బోర్లు రీమ్ చేసి (కాస్త వెడల్పుగా, నునుపుగా తొలిచి) కొత్త వాల్వ్‌లు వేసి, టార్క్ కన్వర్టర్ కూడా మార్చితే 35. కన్వర్టర్ ఎందుకంటే, నెలల తరబడి జారిన లాకప్ లైనింగ్ అద్దంలా నునుపెక్కిపోయి ఉంటుంది. వాల్వ్ బాడీ ఒక్కటే బాగుచేస్తే వణుకు మళ్ళీ వస్తుంది. కన్వర్టర్ కోసం గేర్‌బాక్స్ ఎలాగూ దింపాలి కాబట్టి కూలిలో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. క్లచ్ ప్లేట్లతో సహా అన్నీ మారిస్తే 65. ఫ్యాక్టరీలో తిరగతోడిన గేర్‌బాక్స్ వారంటీతో 80. పాత బండ్లోంచి తీసిన గేర్‌బాక్స్ బిగించడంతో కలిపి 30.

చివరిదాని మీద నాకు నమ్మకం లేదు. అదే మోడల్, దాదాపు అదే వయసు, అదే ‘లైఫ్‌టైమ్’ ఆయిల్‌తో తిరిగిన గేర్‌బాక్స్‌లో అదే బోరు అదే విధంగా అరిగి ఉండకపోవడానికి కారణమేదీ కనిపించదు. తెలిసిన జబ్బు ఇచ్చి తెలియని జబ్బు తెచ్చుకోవడమే.

చాలామంది మరమ్మతు ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మేయమంటారు. ఆ సూత్రం నేను వాడను. ఆవిడ బండి అమ్మేసి నడిచి వెళ్ళదు కదా, ఇంకో బండి కొంటుంది. పోల్చాల్సింది ఈ బండిని చేయించి నడపడానికయ్యే ఖర్చును, ఆ ఇంకో బండి కొని నడపడానికయ్యే ఖర్చుతో. ఆవిడ అవసరానికి సరిపోయే కొంచెం కొత్త కారుకు 220 అవుతుంది. ఈ 35 పెట్టి మూడేళ్ళు నడిపితే నెలకు ఒకటి కూడా పడదు. పైగా ఈ బండి చరిత్ర ఫైల్లో ఉంది, కొనబోయే బండి చరిత్ర అమ్మేవాడి నోట్లో ఉంటుంది. అందుకని 35 పెట్టి చేయించమని సలహా ఇచ్చాను. ఆవిడ సరేనంది.

ఇదే ఫిర్యాదు వేరే రకం గేర్‌బాక్స్‌లో అయితే లెక్క మొత్తం మారేది. క్లచ్‌ను మోటారు నొక్కే ఏఎంటీ అయితే లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, యాక్యుయేటరో క్లచ్ సెట్టో మారిస్తే పోతుంది, అమ్మాలా అన్న ప్రశ్నే అరుదు. గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీలో బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడితే మాత్రం ఇలా ఒక భాగం మార్చి గట్టెక్కడం కష్టం.

గేర్‌బాక్స్‌లో లేని జవాబు

గేర్‌బాక్స్ దింపడానికి బండిని రెండు స్తంభాల లిఫ్టు మీదికి ఎక్కించాం. అంతవరకూ చేసిన పనులన్నీ చక్రాల మీదే నిలబడే ర్యాంపు మీద. ఈ లిఫ్టు అయితే చేతులు బండి పక్క అంచుల కింద, జాకీ పెట్టే చోట్ల ఆనాలి. బండి నేల వదిలి జానెడు లేచిందో లేదో, వెనక ఎడమవైపు కరకరమని చప్పుడైంది, అప్పడం విరిగినట్టు. వెంటనే దించేశాం.

పక్కనున్న ప్లాస్టిక్ కవర్ విప్పితే గట్టిపడిన మట్టి పెళ్ళలుగా రాలింది. దాని వెనక సిల్ (తలుపుల కింద ఉండే బాడీ అంచు) రేకు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచింది. స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ ముందుకు పోతే మంచి రేకు ‘టంగ్’మంటోంది, కొంతదూరం పోయాక శబ్దం మూగబోయింది. వెనక సస్పెన్షన్ బీమ్ బాడీకి బిగించే చోట మొన ఆనించి కొంచెం అదిమాను. పెద్ద బలం పెట్టకుండానే లోపలికి దిగబడింది. కుడివైపు అంత కాదు గానీ మొదలైంది.

అంతకుముందు నాలుగుసార్లు ఆ బండి కింద నిలబడ్డాను. నాలుగుసార్లూ నా టార్చి ముందు భాగం మీదే ఉంది. గేర్‌బాక్స్ మెకానిక్‌ని కాబట్టి గేర్‌బాక్సే చూశాను. ఆవిడ అడిగింది గేర్‌బాక్స్ గురించి కాదు, బండి గురించి.

ఫోన్‌లో చెప్పలేదు, వచ్చి చూడమన్నాను. స్క్రూడ్రైవర్ ఆవిడ చేతికిచ్చాను. మొన దిగబడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. “అమ్మ ఎప్పుడూ ఈ పక్కనే కూర్చుంటుంది” అంది.

మళ్ళీ లెక్క వేశాం. గేర్‌బాక్స్‌కు 35, తుప్పు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడానికి 20, అరిగిన టైర్లు, చప్పుడు చేస్తున్న ఏసీ కంప్రెసర్ కలిపి 15. మొత్తం 70. నిజం చెప్పాలంటే కాగితం మీద అప్పటికీ రిపేరే గెలిచింది: మూడేళ్ళకు పంచితే నెలకు రెండు కూడా పడదు, 220 పెట్టి కొన్న బండి ఎనిమిదేళ్ళు నడిచినా నెలకు అంతకంటే ఎక్కువే. అయినా నా సలహా మార్చుకున్నాను.

గేర్‌బాక్స్ మీద పెట్టే 35కు నేను పూచీ పడగలను. ఎక్కడ అరిగిందో తెలుసు, మార్చాక ప్రెషర్ కొలిచి చూపించగలను. తుప్పు అలా కాదు. పెట్టెలా మూసి ఉన్న రేకుల మధ్య అది ఎంతదూరం పాకిందో కోస్తేగానీ తెలియదు, 20 అన్నది కోసే ముందు చెప్పిన మాట. సస్పెన్షన్ ఆనే చోట అతుకు వేస్తే అది ఎన్నేళ్ళు నిలుస్తుందో వెల్డరూ రాసివ్వడు, నేనూ రాసివ్వలేను. సరదాకు నడిపే బండి అయితే, చేతిలో ఇంకో బండి ఉంటే, ఒప్పుకునేవాణ్ణేమో. వారానికి ఆరుసార్లు ఒక రోగిని కూర్చోబెట్టుకుని తిరిగే బండికి ఒప్పుకోలేకపోయాను. తుప్పు లేకపోతే కళ్ళు మూసుకుని చేయించమనేవాణ్ణి.

అమ్మిన తీరు

ఇన్నాళ్ళ పరీక్షలు వృథా కాలేదు. ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) కూడా తీశాను, నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపే. రెండు పేజీల కాగితం రాశాం: వాల్వ్ బాడీలో ఏ బోర్లు అరిగాయి, వేడి మీద ప్రెషర్ ఎంత, పాన్‌లో ఏముంది ఏం లేదు, కంప్రెషన్ అంకెలు, తుప్పు ఫొటోలు. అమ్మకం కాగితంలో బండిని ఈ స్థితిలో రోడ్డు మీద నడపకూడదని ఆవిడ పట్టుబట్టి రాయించింది. ధర ఇంకా పడిపోతుందేమోనని నేను లోలోపల భయపడ్డాను.

ముగ్గురు చూశారు. ఒకరు 22, ఇంకొకరు 31 అన్నారు. మూడో మనిషి మెకానిక్, అదే మోడల్ బండి ఒకటి ఇంజిన్ బిగుసుకుపోయి ఆయన షెడ్డులో పడి ఉంది. కంప్రెషన్ అంకెలు రెండుసార్లు చదివి, వాల్వ్ బాడీని తిప్పి చూసి, 41 ఇచ్చి బండిని లారీ మీద ఎక్కించుకుపోయాడు. గేర్‌బాక్స్ పోయిందన్న ఒక్క మాట మీద 25 పలికిన బండి, తుప్పు కూడా బయటపెట్టాక 41 పలికింది. ‘లోపల ఇంకేముందో’ అని భయపడి తగ్గించుకునే ధర ఆ కాగితం వల్ల తగ్గలేదు.

నేను మార్చుకున్నవి

చేయించాలా అమ్మాలా అన్న మాటతో ఎవరు వచ్చినా ఇప్పుడు స్కానర్ కంటే ముందు లిఫ్టు. సిల్ అంచులు, సస్పెన్షన్ ఆనే చోట్లు, బ్రేక్ పైపులు, కవర్ల వెనక. ఇరవై నిమిషాల పని, దానికి డబ్బు తీసుకోను. అక్కడ బాగుంటేనే గేర్‌బాక్స్ దగ్గరికి. గేర్‌బాక్స్‌లో కూడా లెవెల్, పాన్, ప్రెషర్, ఆ తర్వాతే భాగాలు. కోడ్ చూసి భాగం మార్చడం మానేశాను. ఆయిల్ మార్చాక బండి బాగైతే “ఫర్వాలేదు” అనను, వెయ్యి కిలోమీటర్ల తర్వాత రమ్మని తేదీ రాసిస్తాను.

రెండు నెలల పాటు ఆవిడ అద్దె బండి మీదే తిరిగింది. ఆ గడువు వల్ల తొందరపడి ఏదో ఒకటి కొనాల్సిన అవసరం రాలేదు. తర్వాత ఒక అయిదేళ్ళ చిన్న కారు చూసుకుని, కొనేముందు నా దగ్గరికి తెచ్చింది. అమ్మేవాళ్ళు పొద్దున్నే ఇంజిన్ వేడి చేసి తెస్తారేమోనని, రాత్రే తెచ్చి షెడ్డులో పెట్టమని ముందే చెప్పాను. మర్నాడు నేను వచ్చేసరికి ఆవిడ అప్పటికే లిఫ్టు పక్కన నిలబడి ఉంది. తాళంచెవి నా చేతికివ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“ముందు కింద చూడు తమ్ముడూ” అని టార్చి ఇచ్చింది.